సంతకం పెట్టే ముందు చేతులు చూడండి

ప్రశ్న: మాది మార్కాపురం దగ్గర ఒక పల్లెటూరు. సైన్యంలో పదిహేడేళ్ళు పనిచేసి హవల్దారుగా రిటైరయ్యాను. ఇప్పుడు బెంగళూరు కృష్ణరాజపురంలో ఉంటూ ఒక సెక్యూరిటీ కంపెనీలో రాత్రి సూపర్‌వైజరుగా చేస్తున్నాను. వైట్‌ఫీల్డు వైపు ఒక భవనం సెల్లారులో కొత్తగా పెట్టిన పది మీటర్ల షూటింగ్ అకాడమీవాళ్ళు శని, ఆదివారాల్లో భద్రతా శిక్షకుడిగా రమ్మంటున్నారు. వచ్చేది ఎక్కువగా స్కూలు పిల్లలు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. సగం మంది మన తెలుగువాళ్ళే. ముందు ముందు తుపాకీ లైసెన్సుకు దరఖాస్తు చేసేవాళ్ళకూ, బ్యాంకు గార్డులకూ కూడా శిక్షణ ఇద్దామని యజమాని ఆలోచన. నాకు గురి బాగా కుదురుతుంది కానీ సివిలియన్లకు ఎప్పుడూ నేర్పలేదు. ఏ సర్టిఫికెట్ కావాలి? ఎక్కడ మొదలుపెట్టాలి? మొదటి రోజే కాల్పించకపోతే రెండోసారి ఎవరూ రారని యజమాని అంటున్నారు, ఒప్పుకోవాలా? ఏదైనా జరిగితే ఎవరి మీదికి వస్తుందని మా ఆవిడ భయపడుతోంది. ఆమెకు ఏం చెప్పమంటారు?
ఒక మాజీ సైనికుడు, బెంగళూరు

సమాధానం:

హవల్దారు గారూ,

మీరు సర్టిఫికెట్ గురించి ముందు అడిగారు. దాన్ని కాసేపు పక్కన పెట్టి యజమాని మాట దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే మిగిలిన మూడు ప్రశ్నలకూ జవాబు దానిలోనే ఉంది. మొదటి రోజే కాల్పించాలన్నది ఆయన దురాశ అనుకోకండి. వైట్‌ఫీల్డులో సెల్లారు అద్దె, పరికరాల ఖర్చు, వారాంతంలో మాత్రమే వచ్చే జనం, ఇవన్నీ ఆయన నెత్తిన ఉన్నాయి. డబ్బు కట్టి వచ్చినవాడు గంటన్నర ఉపన్యాసం విని ఇంటికి పోతే మళ్ళీ రాడన్నదీ నిజమే. అందుకని మధ్యేమార్గం చెప్పండి. మొదటి రోజు గంటన్నర తరగతి. అందులో మొదటి గంటంబావు పెల్లెట్ల (గాలి తుపాకీలో వేసే చిన్న గుండ్ల) డబ్బా గదిలోకే రాదు. తుపాకీ చేతికిస్తారు, ఖాళీగా. ఎత్తడం, దించడం, తెరవడం, లోపల చూడటం, పక్కవాడికి చూపించడం, బల్లమీద పెట్టడం. ఇదంతా కదలికే కాబట్టి ఎవరికీ విసుగు పుట్టదు. చివరి పావుగంటలో, చేతులు కుదిరినవాళ్ళకు మాత్రం, స్టాండు మీద ఆనించిన రైఫిలుతో ఒక్కొక్కరికే అయిదేసి పెల్లెట్లు. కుదరనివాళ్ళకు వచ్చే వారం.

ఆ చివరి మాటకు ఆయన ఒప్పుకుంటేనే చేరండి. ‘డబ్బు కట్టాడు కదా, కానివ్వండి’ అంటే అక్కడ కావలసింది శిక్షకుడు కాదు, పెల్లెట్లు అందించే మనిషి.

ఇక ఎక్కడ మొదలుపెట్టాలన్న ప్రశ్న. సైన్యంలో మీరు నేర్చుకున్నదంతా ఇక్కడ పనికొస్తుంది, ఒక్క నమ్మకం తప్ప: ఎదుటివాడు చెప్పిన మాట వింటాడన్న నమ్మకం. అక్కడ రిక్రూటు చేతికి రైఫిలు వచ్చేసరికి ఆజ్ఞకు శరీరం దానంతట అదే కదిలేటట్టు తయారై ఉంటుంది. కోత్‌లోంచి, అంటే ఆయుధాల గదిలోంచి, తీసిన ప్రతి ఆయుధానికీ లెక్క ఉంటుంది. ఉస్తాదు ఒక్క కేక వేస్తే వరుసంతా బిగుసుకుపోతుంది. ఇక్కడికి వచ్చేవాడు సినిమా చూసి, స్నేహితుడిని వెంటబెట్టుకుని, జేబులో ఫోను మోగుతుండగా వస్తాడు. పదికి పది పడగానే ‘చూశావా!’ అని వెనక్కి తిరుగుతాడు. అతనితోపాటు బారెల్ కూడా తిరుగుతుంది. కొత్తవాళ్ళతో నాకు అన్నిటికన్నా గుబులు పుట్టించేది ట్రిగర్ నొక్కే క్షణం కాదు. బాగా కాల్చిన మరుక్షణం.

అందుకే మీరు నిలబడే చోటు ముఖ్యం. కుడిచేతి వాటం వాళ్ళకు కుడివైపున, కొద్దిగా వెనక, చెయ్యి చాపితే తుపాకీ అందేటంత దగ్గరగా ఉండండి. ఎడమచేతి వాటమైతే ఎడమవైపున. అక్కడ నిలబడి టార్గెట్ వైపు చూడకండి. మీలా గురి బాగా కుదిరేవాళ్ళకు ఇది చాలా కష్టం, కన్ను తనంతట తానే ముందుకు పోతుంది. పది పడిందా ఏడు పడిందా అన్నది టార్గెట్ చెబుతుంది. వేలు ఎక్కడ ఉందో, మణికట్టు ఎటు తిరుగుతోందో మీరు చూడకపోతే ఇంకెవరూ చూడరు. గురి నేర్పే కోచ్ వేరు, భద్రత నేర్పే శిక్షకుడు వేరు. చిన్న అకాడమీల్లో రెండు పనులూ ఒకరికే అంటగడతారు. అలా తప్పనప్పుడు, తుపాకీలో పెల్లెట్ ఉన్నంతసేపు మీరు రెండోవారు మాత్రమే. గురి గురించిన సలహాలన్నీ తుపాకీ దించాకే.

గోడ మీద ఇరవై నియమాలు రాయించకండి, అవి ప్రకటన ఫొటోలకు మాత్రం బాగుంటాయి. మూడు చాలు. తుపాకీ మూతి ఎప్పుడూ ప్రమాదం లేని దిక్కుకే ఉండాలి. కాల్చడానికి సిద్ధమయ్యేదాకా వేలు ట్రిగర్ గార్డు బయటే ఉండాలి. కాల్చే సమయం వచ్చేదాకా తుపాకీ ఖాళీగా ఉండాలి. ప్రతి తుపాకీలోనూ గుండు ఉన్నట్టే లెక్క అని అమెరికన్ శిక్షకుడు జెఫ్ కూపర్ చెప్పిన సూత్రాన్ని విడిగా బోధించనక్కర్లేదు, మీ చేతులతో చూపించండి. తుపాకీని బల్లమీద పెట్టి, నీళ్ళు తాగి, మళ్ళీ ఎత్తారనుకోండి. మళ్ళీ తెరిచి చూడండి. అందరి ముందూ చూడండి. ‘ఇప్పుడే కదా సార్ చూశారు’ అని ఎవరో నవ్వుతారు, నవ్వనివ్వండి. వాళ్ళు మీ మాటలు మరిచిపోయినా మీరు రెండోసారి చూసిన సంగతి మరిచిపోరు. తెరిచి లేని తుపాకీని మీరు ఎవరికీ అందించకూడదు, ఎవరి దగ్గరా అందుకోకూడదు.

‘గాలి తుపాకీయే కదా’ అనే తల్లిదండ్రులు మీకు వారానికి ఒకరైనా తగులుతారు. మన ఊళ్ళలో పిట్టల్ని కొట్టే ఎయిర్‌గన్ చూసి పెరిగినవాళ్ళకు అదొక ఆటవస్తువు. పోటీల్లో వాడే ఎయిర్ రైఫిలు నుంచి పెల్లెట్ సెకనుకు సుమారు 170 మీటర్ల వేగంతో వెళుతుంది. కన్ను పోవడానికి అందులో చాలా తక్కువ భాగం చాలు. పైగా పెల్లెట్ చిన్నది, బారెల్‌లో ఉండిపోతే కంటికి కనబడదు. అందుకే బారెల్ పొడవునా దూర్చే రంగు తీగ, అంటే సేఫ్టీ ఫ్లాగ్, ప్రతి తుపాకీకీ ఉండాలి. కాల్చే సమయంలో తప్ప మిగతా వేళల్లో అది ఆయుధంలో ఉండాలన్నది ఐఎస్‌ఎస్‌ఎఫ్ అనే అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నియమం కూడా. తీగ ఒక పక్కనుంచి దూర్చితే రెండో పక్కన కనబడాలి, అప్పుడే ఖాళీ. రైఫిళ్ళ గాలి సిలిండర్లకు గడువు ఉంటుంది, సాధారణంగా పదేళ్ళు. తేదీ సిలిండర్ మీదే ఉంటుంది. సెకండ్ హ్యాండులో కొన్న రైఫిళ్ళుంటే అన్నిటికన్నా ముందు అదే చూడండి. ఇంకొక మాట. పెల్లెట్ లేకుండా ట్రిగర్ సాధన చేయించేటప్పుడు ఆ రైఫిలు అందుకు తయారైనదేనా అని చూసుకోండి. స్ప్రింగు రైఫిలును ఉత్తిగా పేలిస్తే పిస్టన్ పాడవుతుంది.

సెల్లారు అన్నారు కాబట్టి అడుగుతున్నాను: లిఫ్టు ఎక్కడ తెరుచుకుంటుంది? కాల్చే గీతకు ముందు భాగంలో ఏ తలుపైనా ఉందా? జనరేటరు గదికి దారి అటునుంచేనా? అపార్ట్‌మెంటు కిందా, దుకాణాల కిందా పెట్టిన రేంజిల్లో పెద్ద లోటు ఇదే. ఎలక్ట్రీషియనో, వాచ్‌మనో రోజూ పోయే దారినే పోతాడు, అతనికి ఇది రేంజి అని గుర్తుండదు. ముందు భాగంలోని ప్రతి తలుపూ లోపలినుంచి తాళం పడాలి, ఆ తాళంచెవి మీ జేబులో ఉండాలి. వెనక గోడా, పక్క గోడలూ పెల్లెట్‌ను తిప్పికొట్టేవి కాకూడదు. కాల్చేవాళ్ళకే కాదు, చూసేవాళ్ళకూ కళ్ళజోళ్ళు ఇవ్వండి.

సీసం సంగతి చాలా అకాడమీల్లో ఎవరూ ఎత్తరు. పెల్లెట్లు సీసంతో చేసినవి. వాటిని పట్టుకున్న వేళ్ళతో పిల్లలు చిప్సు తింటారు. రేంజిలోపల తిండి, టీ పూర్తిగా మాన్పించండి. బయటికి వెళ్ళేటప్పుడు సబ్బుతో చేతులు కడుక్కోవడం తరగతిలో భాగం చేయండి. టార్గెట్ల దగ్గర పొడి చీపురుతో ఊడ్పిస్తే సీసపు ధూళి గాలిలోకి లేస్తుంది. తడిగుడ్డతో తుడిపించండి. సెల్లారులో గాలి ఆడదు కాబట్టి ఎగ్జాస్టు ఫ్యాను గురించి యజమానితో గట్టిగానే మాట్లాడండి.

ఆజ్ఞల విషయానికొస్తే, బెంగళూరులో మీ తరగతిలో తెలుగు, కన్నడం, తమిళం, హిందీ అన్నీ ఉంటాయి. వివరణ ఎవరి భాషలో వారికి చెప్పండి, తెలుగు పిల్లలకు తెలుగులోనే విడమరచండి. ఆజ్ఞలు మాత్రం అందరికీ ఒకటే ఉండాలి: లోడ్, స్టార్ట్, స్టాప్, అన్‌లోడ్. రేపు ఏ పోటీకి వెళ్ళినా వినబడేవి అవే. మీ నోటికి ‘భర్’, ‘ఖాలీ కర్’ అలవాటై ఉంటాయి, వాటిని వదిలించుకోండి. స్టాప్ అనే హక్కు మాత్రం గదిలో అందరికీ ఉండాలి, పదేళ్ళ పిల్లకైనా, బయట కూర్చున్న తల్లికైనా. ఎవరైనా ఊరికే అరిచి ఆపించినా కోప్పడకండి. ఒక్కసారి కోప్పడితే, నిజంగా అవసరమైన రోజున ఎవరూ నోరు తెరవరు.

ఇప్పుడు సర్టిఫికెట్. ఆయుధ నియమాలు, 2016 ప్రకారం 4.5 మిల్లీమీటర్ల కాలిబర్ (గొట్టం లోపలి వెడల్పు), 20 జౌళ్ళ శక్తి దాటని గాలి తుపాకులకు లైసెన్సు అక్కర్లేదు. కాబట్టి పది మీటర్ల రేంజిలో నేర్పడానికి మీకు ఆయుధ లైసెన్సు అవసరం రాదు. అలాగని ఏ కాగితమూ లేకుండా నిలబడకండి. మన దేశంలో ఈ క్రీడను నడిపేది 1951లో ఏర్పడిన జాతీయ రైఫిల్ అసోసియేషన్. దాని కింద రాష్ట్ర సంఘాలున్నాయి. కర్ణాటక సంఘంలో సభ్యత్వం తీసుకోండి, జడ్జీల కోర్సు పెట్టినప్పుడు చేరండి. రేంజి క్రమశిక్షణ నేర్చుకోవడానికి కోచింగ్ కోర్సుకన్నా జడ్జీల కోర్సే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే అది టార్గెట్‌ను కాక మనిషిని గమనించడం నేర్పుతుంది. తర్వాత ఓపిక ఉంటే ఐఎస్‌ఎస్‌ఎఫ్ అకాడమీ కోచ్ లైసెన్సులున్నాయి. ‘డి’ తో మొదలై ‘ఎ’ వరకు వెళతాయి. వీటన్నిటికన్నా ముందు ప్రథమ చికిత్స కోర్సు చేయండి, రెడ్ క్రాస్‌లోనో, సెయింట్ జాన్ అంబులెన్స్‌లోనో. రక్తం కారుతుంటే ఒత్తి పట్టడం మీకు సైన్యంలో నేర్పే ఉంటారు. కంట్లో పెల్లెట్ ముక్క పడితే ఏం చేయకూడదో మళ్ళీ నేర్చుకోవాలి.

లైసెన్సు దరఖాస్తుదారుల శిక్షణ పూర్తిగా వేరే వ్యవహారం. 2016 నియమాల్లో పదో నియమం ప్రకారం దరఖాస్తు చేసేవారు ఆయుధ భద్రతా శిక్షణ పొందాలి, ఆ మేరకు ఎస్-1 ఫారంలో ధ్రువపత్రం జతచేయాలి. ఆ పత్రం ఇచ్చే అర్హత నియమాల ప్రకారం గుర్తింపు పొందిన శిక్షకులకే ఉంటుంది. బెంగళూరు నగరంలో లైసెన్సు అధికారి పోలీసు కమిషనరు. ఆ గుర్తింపు విధానం కమిషనరు కార్యాలయంలోని ఆయుధ లైసెన్సు విభాగంలో అడిగి, చెప్పింది రాసుకుని రండి. గుర్తింపు కాగితం చేతికొచ్చేదాకా ఎస్-1 మీద మీ సంతకం ఉండకూడదు. ‘మీరు నేర్పండి, సంతకం ఇంకొకాయన పెడతాడు’ అన్న ఏర్పాటుకు కూడా ఒప్పుకోకండి.

గార్డుల సంగతి కూడా సెల్లారులో ఆదివారం మధ్యాహ్నం తేలేది కాదు. ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల నియంత్రణ చట్టం, 2005 కింద వచ్చిన కేంద్ర నమూనా నియమాల్లో గార్డుకు కనీసం 100 గంటల తరగతి, 60 గంటల క్షేత్ర శిక్షణ అని ఉంది. మాజీ సైనికులకైతే 40, 16 గంటలు. మీరు ఆ రంగంలోనే ఉన్నారు కాబట్టి ఇందులో ఎంత కాగితం మీద జరుగుతుందో మీకు తెలుసు. బ్యాంకు గార్డు చేతిలో ఉండేది చాలాచోట్ల రెండు గొట్టాల 12 బోర్ తుపాకీ. అతనికి గురి అవసరం తక్కువ. తుపాకీ విరిచి తెరిచి గొట్టాలు చూడటం, జనం మధ్య మూతి ఎటు పెట్టాలో తెలియడం, తూటా పేలకపోతే కంగారుపడి వెంటనే తెరవకుండా మూతి టార్గెట్ వైపే ఉంచి కనీసం ముప్పై సెకన్లు ఆగడం, ఇవి కావాలి. శబ్దం ఎప్పటికన్నా మెత్తగా వస్తే ఆపి గొట్టంలో ఏదైనా ఇరుక్కుందా అని చూడటం కూడా. ఇవన్నీ రంగు వేసిన డమ్మీ తూటాలతోనే నేర్పవచ్చు. అసలు తూటా తరగతి గది గడప దాటకూడదు, మీ జేబులో ఉన్నా సరే. అసలు కాల్పులు అనుమతి ఉన్న రేంజిలోనే, చెవులకు రక్షణతోనే. 12 బోర్ శబ్దం 140 డెసిబెల్స్ దాటుతుంది. ఒక్క పేలుడుకే వినికిడి దెబ్బతినే స్థాయి అది.

సంతకం దగ్గర ఇంకాస్త ఆగుతాను, మీకు అసలు పరీక్ష అక్కడే వస్తుంది. గుర్తింపు వచ్చాక ఒక రోజు పెద్దమనిషి ఒకరు కారులో వస్తారు. తెలుగువారే కావచ్చు, మీ జిల్లావారే కావచ్చు. ‘మా తాతగారి దగ్గర తుపాకీ ఉండేదండీ, నాకు చిన్నప్పటినుంచీ తెలుసు, తరగతికి టైము లేదు, ఫారం ఇచ్చేయండి’ అంటారు. వాదించకండి. బల్లమీద 12 బోర్ పెట్టి, అందులో ముందే ఒక డమ్మీ తూటా ఉంచి, ‘అది కాస్త ఇలా అందిస్తారా’ అనండి. ఎత్తగానే తెరిచి చూసి, తూటా తీసి పక్కన పెట్టి, తెరిచిన తుపాకీ మీకు అందిస్తే ఆయనకు నిజంగానే కొంత తెలుసు, మిగతా తరగతి చెప్పండి. మూతి మీ కడుపు వైపు తిప్పి అందిస్తే ఇంకేమీ అనక్కర్లేదు. డమ్మీ తూటా తీసి ఆయన ముందు పెట్టండి. చాలామంది ఆ తర్వాత బుద్ధిగా కూర్చుంటారు. కొందరు కోపంతో వెళ్ళిపోతారు, వెళ్ళనివ్వండి.

లైసెన్సు తీసుకోబోయేవాడికి కాల్చడం కన్నా ఇల్లు గురించి ఎక్కువ చెప్పాలి. తుపాకీ ఒకచోట, తూటాలు ఇంకొకచోట, రెండింటికీ తాళం. బీరువాలో చీరల కింద దాచడం దాచడం కాదు, పిల్లలకు తెలియని బీరువా ఉండదు. పెళ్ళిలోనో, జాతరలోనో గాలిలోకి కాలిస్తే ఆయుధ చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం రెండేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అదే సవరణతో ఒకరి దగ్గర ఉండదగిన తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి. ఎన్నికలప్పుడు జమ చేయమంటే చేయాలి. వీలైతే దరఖాస్తుదారుడి భార్యనో, భర్తనో కూడా ఒక పూట రమ్మనండి. ఇంట్లో ఎవరైనా తీవ్రమైన దిగులులో ఉన్నా, తాగుడు పెరిగినా, ఆస్తి తగాదా ముదిరినా తుపాకీని ఇంట్లోంచి తీసి లైసెన్సున్న డీలరు దగ్గర డిపాజిట్ చేయవచ్చని ఆ పూట చెప్పండి. ఈ మాట భర్త ఒక్కడికే చెబితే ‘మా ఇంట్లో అలాంటివి లేవు’ అంటాడు. భార్య ఎదురుగా ఉంటే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

మీ దగ్గర సొంత రివాల్వరు ఉంటే దాన్ని తరగతికి తేవద్దు. ఆత్మరక్షణకు ఇచ్చిన లైసెన్సు ఆయుధం బోధనా పరికరం కాదు. లైసెన్సు షరతులు దాటితే ఆయుధ చట్టం 30వ సెక్షన్ ఉంది.

బెంగళూరులో ఉన్నారు కాబట్టి కొడగు విద్యార్థులు తప్పకుండా వస్తారు. అక్కడి కొడవ జాతివాళ్ళకూ, వంశపారంపర్యంగా వచ్చే జమ్మా భూముల హక్కుదారులకూ కొన్ని రకాల తుపాకులకు లైసెన్సు నుంచి మినహాయింపు ఉంది. 2019లో దాన్ని 2029 దాకా పొడిగించారు, కర్ణాటక హైకోర్టు 2021లో సమర్థించింది. వాళ్ళు తుపాకీ ఉన్న ఇళ్ళలో పెరిగినవాళ్ళు. వాళ్ళ ముందు మొదటి పాఠం మొదటినుంచి చెబితే చిన్నబుచ్చుకుంటారు. మీ ఇంట్లో ఎలా దాస్తారు, పెద్దలు ఏం నేర్పారు అని అడగండి, మిగతావాళ్ళు మీకన్నా వాళ్ళ మాట శ్రద్ధగా వింటారు. కైల్‌పోద్ పండుగకు వాళ్ళు ఆయుధాలను అలంకరించి, గొట్టం మూతిలో అగ్నిశిఖ పువ్వు పెడతారు. గొట్టంలో అడ్డు ఉండగా కాలిస్తే గొట్టం చీలిపోతుందన్న పాఠానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు: పండుగయ్యాక పువ్వు తీసి, లోపల చూసి, అప్పుడే.

పండుగ అన్నాను కాబట్టి, ఆయుధపూజ. మహానవమి రోజు మీ యజమాని తుపాకులన్నీ బయట పెట్టి, బొట్లు పెట్టి, బంతిపూల దండలు వేసి, తల్లిదండ్రులందరినీ పిలుస్తారు. ఏడాదిలో లాకరు అంతసేపు తెరిచి ఉండేది ఆ రోజే. శిక్షకుడు ప్రసాదం పంచే హడావిడిలో ఉంటాడు, పిల్లవాడు రైఫిలు ఎత్తి తమ్ముడి వైపు గురిపెట్టి ఫొటో దిగుతాడు. పూజ మానేయమనను. ముందు రోజే ప్రతి తుపాకీ తెరిచి, తీగ దూర్చి, లెక్క రాసుకోండి. పెల్లెట్లు వేరే గదిలో పెట్టి తాళం వేయండి. హారతి అయిన వెంటనే, ప్రసాదం కన్నా ముందు, ఆయుధాలు లోపలికి వెళ్ళాలి. కుంకుమ, నీళ్ళు లోహం మీద ఉండిపోతే తుప్పు పడుతుంది, అదే సాయంత్రం తుడిచి నూనె రాయండి. ఫొటోలకు మీరే నిలబడండి, తుపాకీ లేకుండా.

పిల్లల గురించి కొద్దిగా. ఎయిర్ రైఫిలు అయిదున్నర కిలోల దాకా ఉండవచ్చు. పదేళ్ళ పిల్ల చేతికి దాన్ని ఉత్తిగా ఇస్తే మొదట జారేది మూతే. స్టాండు లేకుండా ఇవ్వకండి. అసలు తుపాకులతో, అంటే .22 వంటివాటితో, సాధన చేయాలంటే కనీసం 12 ఏళ్ళు నిండాలి, అదీ పర్యవేక్షణలో. భంగిమ సరిచేసేటప్పుడు ముందు చెప్పండి, తర్వాత మీరు చేసి చూపండి, తప్పకపోతే ‘మోచెయ్యి పట్టుకోనా?’ అని అడిగి, తల్లిదండ్రులకు కనబడేచోట. తలుపు మూసిన గదిలో ఒక్క పిల్లతో తరగతి పెట్టనే వద్దు.

సైన్యం కథలు అడుగుతారు. ఒకటీ అరా చెప్పవచ్చు, తరగతి అయ్యాక, ఆయుధాలు లోపల పెట్టాక. తుపాకీ చేతిలో ఉండగా కథ మొదలుపెట్టిన శిక్షకుడు తుపాకీ రాముడైపోతాడు. పిల్లలకు కోతలు బాగా గుర్తుంటాయి, వేలు ఎక్కడుండాలో గుర్తుండదు.

మీ ఆవిడ భయం సరైనదే. ఆమెకు ధైర్యం చెప్పడానికి ఉత్త మాటలు వద్దు, కాగితాలు చూపించండి. నిర్లక్ష్యంతో ఇతరుల ప్రాణానికి ముప్పు తెస్తే భారతీయ న్యాయ సంహితలో 125వ సెక్షన్ ఉంది, ప్రాణమే పోతే 106 ఉంది. కేసు వచ్చిన రోజు అడిగేది ఎవరు ఏం చెప్పారని కాదు, ఏం రాసి ఉందని. కాబట్టి చేరేముందు నియామక పత్రంలో ఒక వాక్యం రాయించుకోండి: ఏ విద్యార్థినైనా, ఏ తరగతినైనా, ఎవరినీ అడగకుండా ఆపే అధికారం భద్రతా శిక్షకుడికి ఉంది. అకాడమీకి ప్రమాద బీమా ఉందో లేదో పాలసీ కాగితమే చూడండి. హాజరు, ఏ తుపాకీ ఎవరికిచ్చారు, సిలిండర్ తేదీలు, ఇవి రోజూ రాయండి. వీటితోపాటు ప్రమాదం జరగబోయి తప్పిన వాటికి విడిగా ఒక పుస్తకం పెట్టండి: ఫలానా ఆయన మూతి పక్కకు తిప్పాడు, ఫలానా అమ్మాయి స్టాప్ అన్నాక ఒకటి కాల్చింది. నెలాఖరున చదివితే తప్పులు ఏ గంటలో, ఏ లేనులో, మీరు ఎక్కడ నిలబడినప్పుడు జరుగుతున్నాయో మీకే తెలుస్తుంది. యజమాని ఆ పుస్తకం వద్దంటే ఆవిడకు చెప్పి ఆ పని మానేయండి.

మొదటి కొన్ని వారాలు సొంతంగా తరగతి తీసుకోకండి. నగరంలో ఉన్న పాత రేంజి ఏదైనా ఒకటి ఎంచుకుని, అక్కడి సీనియరును అడిగి వెనక కూర్చోండి. నోరు విప్పకుండా, చేతులు మాత్రమే చూస్తూ. తర్వాత ఒక్క విద్యార్థితో మొదలుపెట్టి, ఆ సీనియరునే వచ్చి మిమ్మల్ని చూడమనండి. రాత్రి డ్యూటీ చేసి శనివారం పొద్దున నేరుగా రేంజికి వెళ్ళే ఆలోచన ఉంటే ఇప్పుడే మార్చుకోండి. నిద్రలేని కంటికి వేలు కదలిక అందదు. తరగతి మధ్యాహ్నానికి పెట్టించండి, లేదా శుక్రవారం రాత్రి సెలవు తీసుకోండి.

జీతం సంగతి మీరు అడగలేదు, నేనే చెబుతాను. విద్యార్థికి ఇంత అని యజమాని లెక్క కట్టబోతారు. అది ఒప్పుకోకండి. తలకు ఇంత అయితే ఇంకొక లేను తెరవాలని మీకే అనిపిస్తుంది, ఆరుగురు నిలబడ్డ చోట ఎనిమిదిమందిని నిలబెడతారు, అప్పుడు ఎవరి చేతులూ కనబడవు. గంటకు ఇంత అని మాట్లాడుకోండి. మొదట్లో ఒక్కో తరగతికి నలుగురికి మించి కాల్చేవాళ్ళు వద్దని అదే కాగితం మీద రాయించుకోండి.